మడిలో ముందు ఎవరొచ్చారు?

సార్వా చేను పొట్ట మీదున్నప్పుడో ఈనుతున్నప్పుడో, పచ్చటి మడి నడుమ చాప పరిచినంత మేర ఎండిపోయి కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో ఆ చాప కళ్లమంత అవుతుంది. మరో వారానికి అలాంటి గుండ్రటి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, చేనుకు నిప్పు పెట్టినట్టుంటుంది. దీన్నే దోమపోటు అంటారు. సుడులు సుడులుగా పైరును మాడ్చే ఈ పురుగు సుడిదోమ. బియ్యపు గింజ కన్నా చిన్నది, గోధుమరంగుది. ఆకుల మీద వెతికితే దొరకదు. దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన, కాండానికి అంటిపెట్టుకుని రసం పీలుస్తుంది.

ఇందులో రైతును తికమకపెట్టే సంగతి ఒకటుంది. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు మడులు, ఒకే విత్తనం, ఒకే వారంలో పడిన నాట్లు. నెల లోపే మందు కొట్టి, మళ్లీ మళ్లీ కొట్టిన మడి మాడిపోతుంది. ఆ ఖర్చు పెట్టలేక వదిలేసిన మడి నిలబడుతుంది. ప్రతిసారీ ఇలాగే జరగదు కానీ, ఆసియా వరి పొలాల్లో యాభై ఏళ్లుగా ఎన్నోచోట్ల జరిగింది. కారణం కోసం చేను మాడిన రోజున వెతికితే దొరకదు. అంతకు రెండు నెలల ముందు, దమ్ము చేసి నీళ్లు పెట్టిన రోజుల్లో వెతకాలి. ఆ మడిలోకి ఏ జీవి ముందొచ్చింది, ఏది వెనక వచ్చింది, మధ్యలో ఆ వరుసను ఎవరు చెడగొట్టారు అన్నదే అసలు ప్రశ్న.

నాలుగు నెలల అడవి

ఒకచోట కలిసి బతికే జీవజాతులన్నిటినీ కలిపి జీవావరణ శాస్త్రంలో సముదాయం అంటారు. ఆ సముదాయం కాలంతోపాటు మారుతూ పోవడాన్ని, అంటే ముందు వచ్చినవి తగ్గి కొత్తవి చేరడాన్ని, అనుక్రమం అంటారు. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఉదాహరణగా అడవిని చూపిస్తారు. బోడి నేల మీద ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆపైన చెట్లు. అది పూర్తవడానికి దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు పడుతుంది. మనిషి జీవితకాలంలో మొత్తం చూడలేడు.

వరి మడిలో అదే కథ 120 రోజుల్లో నడుస్తుంది. దమ్ముతో మొదలై కోతతో ముగుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. వరి ఒక్కటే పెరిగే చోటు కదా, అందులో సముదాయం ఏముంటుందని అనిపించవచ్చు. జావా ద్వీపపు వరి పొలాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 1996లో వెలువడింది. అందులో లెక్కకొచ్చిన కీటకాలు, సాలీళ్లు, వాటి బంధుజాతులు 765. వీటిలో వరికి నష్టం చేసేవి కొద్దిపాటే. మిగతావన్నీ వాటిని తినేవి, వాటిలో గుడ్లు పెట్టేవి, లేదా వరితో ఏ సంబంధమూ లేకుండా బురదలో కుళ్లిన గడ్డి తిని బతికేవి. ఈ చివరి రకాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కథలో కీలకం అవే.

బురదలో మొదలు

ఎండిన నేలకు నీళ్లు పెట్టి దమ్ము చేయగానే మట్టిలోని ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. పైన కొన్ని మిల్లీమీటర్ల పలుచని పొరలో మాత్రమే ఆక్సిజన్ మిగులుతుంది. కిందంతా గాలి లేకుండా బతికే బాక్టీరియా రాజ్యం. పాత పంట మోళ్లు, కలియదున్నిన జీలుగ, జనుము, పశువుల ఎరువు కుళ్లడం మొదలవుతుంది. నీళ్ల మీద నేరుగా ఎండ పడుతుంది, ఎందుకంటే నాటిన పైరు ఇంకా గుప్పెడే. ఆ వెలుతురుకు నాచు పెరుగుతుంది. అందులో కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని పట్టి మడికి అందిస్తాయి. నీళ్ల మీద తేలే అజొల్లా మొక్క ఆకుల గదుల్లో కాపురముండే అనబీనా అనే నాచు చేసే పనీ ఇదే. అజొల్లా దానికి ఇల్లిస్తుంది, అది అజొల్లాకు నత్రజనినిస్తుంది. జీవుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన పొలాల్లో లేదు.

కుళ్లిన పదార్థాన్నీ నాచునూ తినడానికి ఏకకణ జీవులు, కంటికి చుక్కల్లా కనబడే నీటి ప్రాణులు, గెంతే తోకల పురుగులు, కైరోనమిడ్ ఈగల పిల్లపురుగులు పుట్టుకొస్తాయి. బురదలో సన్నటి ఎర్ర దారాల్లా కదిలేవి ఈ పిల్లపురుగులే. అవి రెక్కలొచ్చి పైకి లేచినప్పుడు సాయంత్రం మడి మీద పొగలా తిరుగుతాయి. చూడ్డానికి దోమల్లా ఉంటాయి కానీ కుట్టవు, వరిని ముట్టవు.

నాటిన రెండు మూడు వారాల్లో ఇలా లెక్కలేనంత మేత తయారవుతుంది. ఆ మేత కోసం గట్ల మీది గడ్డిలోంచి సాలీళ్లు దిగుతాయి. నీటి మీద పరుగెత్తే చిన్న నల్లులు చేరతాయి. తూనీగలు, సన్నటి సూది తూనీగలు, నేల పెంకు పురుగులు వస్తాయి. అప్పటికి మడిలో సుడిదోమ లేదు, ఉన్నా ఒకటీ అరా. కాపలాదారులు వచ్చింది దొంగ కోసం కాదు, బురదలో పుట్టిన ఈగల కోసం. దొంగ వచ్చే వేళకు అవి అక్కడ ఉండటమే వరి అదృష్టం.

జావా అధ్యయనం తేల్చినది ఇదే. మడిలో సేంద్రియ పదార్థం పెంచి చూశారు. బురద తిండి తినే జీవులు పెరిగాయి, వాటి వెంట వేటాడే జీవులూ పెరిగాయి. పురుగును తినే జీవి ఉండాలంటే, పురుగు లేని రోజుల్లో దానికి వేరే తిండి ఉండాలి. వినడానికి మామూలు మాటే. కానీ పచ్చిరొట్ట వేయడం, పశువుల ఎరువు తోలడం నేల సారానికే కాదు, రెండు నెలల తర్వాత దోమను అదుపు చేయడానికీ పనికొస్తుందని దీనివల్లే తెలిసింది.

జోసెఫ్ కాన్నెల్, రాల్ఫ్ స్లేటయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో అనుక్రమం నడిచే దారులను మూడుగా విడదీశారు. ముందొచ్చిన జీవి తర్వాతి దానికి దారి వేయడం ఒకటి. దారి వేయకపోయినా, అడ్డుపడకపోయినా, తక్కువలో బతకగలిగినది చివరికి నిలవడం రెండోది. ముందొచ్చినది తర్వాతి దానికి అడ్డుపడటం మూడోది. ఈగలు సాలీళ్లకు దారి వేయడం మొదటిదానికి దగ్గరగా ఉంటుంది. మూడోది నాటిన 40, 50 రోజులకు కనిపిస్తుంది. పిలకలు నిండి ఆకులు కమ్ముకుంటాయి, నీళ్ల మీద వెలుతురు తగ్గుతుంది, నాచు సన్నగిల్లుతుంది. ఆలస్యంగా మొలిచిన ఊద, తుంగ ఆ నీడలో ఎదగలేవు. మొదటి 30, 40 రోజులు కలుపు తీసిన మడి ఆ తర్వాత కలుపుకు పెద్దగా లొంగకపోవడానికి కారణం ఈ నీడే.

వెలుతురు తగ్గి, గడ్డి కుళ్లడం కూడా ముగింపుకొచ్చేసరికి ఈగలూ తగ్గుతాయి. వేటగాళ్లు మాత్రం అప్పటికే పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటికి ఇప్పుడు కొత్త తిండి కావాలి. సుడిదోమ పెరగడం మొదలయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నూటికి ఎనిమిది

సుడిదోమకు రెండు రూపాలున్నాయి. పొడుగు రెక్కలది గాలివాటుకు దూరాలు ఎగిరి కొత్త చేనులో దిగుతుంది. దిగాక దాని సంతానంలో ఎక్కువ భాగం పొట్టి రెక్కలతో పుడుతుంది. అవి ఎగరలేవు, కానీ గుడ్లు ఎక్కువ పెడతాయి. ఒక్కో ఆడపురుగు 200 నుంచి 300 గుడ్లు, కాండాన్ని చుట్టి ఉండే ఆకు ఒర లోపల, బయటికి కనిపించకుండా చొప్పిస్తుంది. వారం దాటాక అవి పగులుతాయి. పిల్లపురుగు ఐదుసార్లు కుబుసం విడిచి రెండు వారాల్లో పెద్దదవుతుంది. అంటే ఇంచుమించు నెలకో తరం. పైరు ముదిరి, దుబ్బు మీద కిక్కిరిసిపోతే మళ్లీ పొడుగు రెక్కలవి పుట్టి, మాడిన మడిని వదిలి పక్క చేనుకు పోతాయి.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక ఆడదోమ 200 గుడ్లు పెట్టిందనుకుందాం. వాటిలో నూటికి 98 చనిపోతే నాలుగు మిగులుతాయి, అందులో రెండు ఆడవి. తరానికి రెట్టింపు. మూడు తరాలకు ఎనిమిది రెట్లు. నాలుగు రోజులకో దోమ కనిపించే స్థాయి నుంచి రోజుకు రెండు కనిపించే స్థాయికి వస్తుంది, చేనుకు ఏమీ కాదు. అదే నూటికి 90 మాత్రమే చనిపోతే 20 మిగులుతాయి, అందులో పది ఆడవి. మూడు తరాలకు వెయ్యి రెట్లు. ఒక పంటకాలంలో ఎనిమిదికీ వెయ్యికీ ఉన్న తేడా, చావుల్లో నూటికి ఎనిమిది తగ్గినందుకు వచ్చింది. ఇది కాగితం మీది లెక్కే. అయినా మడిలో జరిగేదాని తీరు ఇదే. ఆ ఎనిమిది చావులు ఎవరి చలవ అన్నది తెలుసుకోవాలి.

ఆకు ఒరలో దాగిన గుడ్లను వెతికి పట్టేవి రెండు. ఒకటి అనాగ్రస్ అనే బదనిక, మిల్లీమీటరు కూడా ఉండని సన్నటి కందిరీగ. దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, దోమ పిల్లకు బదులు కందిరీగ బయటికొస్తుంది. రెండోది మిరిడ్ నల్లి. ఆకుపచ్చ, నలుపు కలిసిన ఒళ్లు, పొడుగు మీసాలు, చకచకా తిరిగే నడక. రోజుకు 7 నుంచి 10 గుడ్లు, లేదా ఒకటి నుంచి ఐదు దోమల రసం పీల్చేస్తుంది. చాలామంది రైతులు దీన్నీ రసం పీల్చే దోమే అనుకుని మందు కొడతారు. తేడా పట్టడం తేలిక. దుబ్బును తట్టినప్పుడు సుడిదోమ పక్కకు గెంతుతుంది, మిరిడ్ నల్లి పరుగెత్తుతుంది.

పిల్లపురుగుల్నీ పెద్దవాటినీ తినేవాటిలో ముందు చెప్పుకోవలసింది తోడేలు సాలీడు. వీపు మీద మూడుపళ్ల కొయ్యలాంటి గుర్తు ఉంటుంది. గూడు అల్లదు, దుబ్బు మొదట్లో కాచుకుని పరుగెత్తి పడుతుంది. రోజుకు 5 నుంచి 15 పురుగులు. ఆడది గుడ్ల సంచిని వెంట మోసుకు తిరుగుతుంది, పొదిగాక పిల్లలన్నిటినీ వీపున ఎక్కించుకుంటుంది. కాండం మీంచి జారి నీళ్లలో పడిన దోమ పిల్లలను మైక్రోవీలియా అనే చిన్న నీటి నల్లులు గుంపుగా చుట్టుముడతాయి, ఒక్కొక్కటీ రోజుకు 4 నుంచి 7 తింటుంది. ఆకుల నడుమ అడ్డంగా గూడు అల్లే పొడుగుకాళ్ల సాలీళ్లు, కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాలను కొరికే పొడుగుమీసాల మిడతలు, అక్షింతల పురుగులు, కప్పలు ఆ తర్వాతి వరుస.

వీటినన్నిటినీ మిత్ర పురుగులు అంటాం కానీ ఇవి ఒకదానికొకటి మిత్రులేం కావు. తోడేలు సాలీడు మిరిడ్ నల్లినీ తింటుంది, తన జాతి పిల్లల్నీ తింటుంది. తిండి కరువైనప్పుడు ఇది మరీ ఎక్కువ. వీటిలో దేని బలం ఎప్పుడన్నదీ వేరువేరే. సాలీడు ఏది దొరికితే అది తింటుంది కాబట్టి దోమ రాకముందే మడిలో ఉండగలదు, అయితే దోమ ఒక్కసారి వందల్లో పెరిగితే దాని సంతానం ఆ వేగాన్ని అందుకోలేదు. మిరిడ్ నల్లి దోమల్ని వెతుక్కుంటూ వస్తుంది. దోమ పెరిగితే అదీ పెరుగుతుంది, అయితే ఒక అడుగు వెనక. ముందే ఉన్న సాలీడు దోమను తక్కువలో పట్టి ఉంచి, వెనక వచ్చే మిరిడ్ నల్లికి సమయం ఇస్తుంది. ఒక్క జాతి వల్ల అయ్యే పని కాదిది.

వరుస ఎక్కడ తెగుతుంది

నాటిన 20, 25 రోజులకు ఆకుముడత కనిపిస్తుంది. ముడుచుకున్న తెల్లటి ఆకులు దూరం నుంచే కొట్టొచ్చినట్టుంటాయి, గుండె గుబేలంటుంది. అప్పుడే మొదటి మందు పడుతుంది. నిజానికి ఆ వయసు పైరు కొన్ని ఆకులు పోయినా కొత్త ఆకులతో, కొత్త పిలకలతో సర్దుకుంటుంది. రైతులకు చేనులోనే పాఠాలు చెప్పే పొలం బడుల్లో దీన్ని రైతుల చేతే పరీక్ష చేయిస్తారు. చదరపు మీటరు మేర ఆకుల్ని కత్తిరించి, కోత రోజున పక్క మీటరుతో గింజ తూచి చూస్తారు. పిలకల దశలో కత్తిరించిన దానికి దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పొట్టాకు దశలో కత్తిరిస్తే మాత్రం నష్టం ఖాయం, ఎందుకంటే గింజ నిండేది ఆ పై ఆకుల బలంతోనే.

కాబట్టి 25వ రోజు మందు కాపాడేది తక్కువ. తీసుకెళ్లేది ఎక్కువ. దోమ గుడ్లు ఆకు ఒర లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. దుబ్బు మొదట్లో ఉన్న దోమలకూ పైన పడిన మందు సరిగ్గా చేరదు. నీళ్ల మీద, ఆకుల మీద తిరిగే సాలీళ్లు, నల్లులు, కందిరీగలు మాత్రం నేరుగా తడుస్తాయి. వారం తర్వాత గుడ్లు పగిలేసరికి, తినేవాళ్లు లేని మడి దోమ పిల్లలకు దొరుకుతుంది. సాలీళ్లు మళ్లీ గట్టు మీంచి రావాలి, వచ్చినా అప్పటికి బురద ఈగల కాలం దాటిపోతుంది, వాటిని నిలబెట్టే మేత ఉండదు. మొదటి నెలలో మాత్రమే తెరుచుకునే తలుపు అది. వేళ దాటాక ఎన్ని మిత్ర పురుగులను తెచ్చి వదిలినా ఆ నెల రోజుల పని తిరిగి రాదు.

కొన్ని మందులతో ఇంకో చిక్కుంది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు, మిథైల్ పారాథియాన్, క్వినాల్‌ఫాస్ వాడిన చోట సుడిదోమ తగ్గకపోగా తిరగబెట్టినట్టు పరిశోధనల్లో పదేపదే తేలింది. వేటగాళ్లు చావడం ఒక కారణం. చావకుండా కొద్ది మోతాదు సోకిన ఆడదోమలు ఎక్కువ గుడ్లు పెట్టడం మరో కారణం. యూరియా కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నత్రజని ఎక్కువైన పైరు రసం తాగిన దోమకు గుడ్లు పెరుగుతాయి, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. పైగా పైరు గుబురుగా పెరిగి దుబ్బు మొదట్లో గాలి ఆడదు, దోమకు కావలసిన తేమ, నీడ అక్కడ అమరుతాయి. ఆకుముడతకు మందు, దానికి తోడు పైపాటుగా అదనపు యూరియా వేసిన మడే చివరికి ఎక్కువగా మాడుతుంది.

ఒక దేశం మొత్తం ఈ తప్పు చేసి దిద్దుకున్న ఉదంతం ఇండోనేషియాది. 1970ల నుంచి అక్కడ పురుగుమందుల ఖరీదులో 80 శాతం దాకా ప్రభుత్వమే భరించింది. 1970ల చివర సుడిదోమ విజృంభించింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని ప్రకటించాక, రెండేళ్లకే 1986లో జావాలో మళ్లీ చేలు మాడాయి. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో కీటక శాస్త్రవేత్త పీటర్ కెన్‌మోర్, ఆయన సహచరులు మందు పడని మళ్లలో వేటగాళ్లే దోమను అదుపులో ఉంచుతున్నాయని, మందు పడిన మళ్లలో అది ఎగబాకుతోందని చూపించి ఉన్నారు. 1986 నవంబరు 5న అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989 కల్లా సబ్సిడీ ఎత్తేశారు. మందుల వాడకం సగానికి పైగా పడిపోయింది, వరి ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. 1989లోనే మొదలైన రైతుల క్షేత్ర పాఠశాలల పద్ధతే తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పొలం బడిగా వచ్చింది.

తట్టుకునే రకాలు ఉన్నాయి కదా

ఉన్నాయి, మంచివే. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన చైతన్య, కృష్ణవేణి, విజేత, కాటన్‌దొర సన్నాలు, ఇంద్ర వంటివి సుడిదోమను తట్టుకుంటాయని పేరు తెచ్చుకున్నాయి. బాపట్ల సాంబమసూరి అన్నానికి ఎంత మేలైనదో దోమకు అంత లొంగుతుంది. తట్టుకునే రకం వేసిన మడిలో వేటగాళ్ల పని సులువవుతుంది.

కానీ రకం ఒక్కదాని మీదే ఆధారపడితే ఏమవుతుందో 1970లలోనే తెలిసింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో విడుదల చేసిన ఐఆర్ 26 దోమను తట్టుకునే ఒక జన్యువుతో వచ్చింది. రెండు మూడేళ్లలోనే ఆ రకాన్ని తినగలిగే దోమలు ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేషియాలో పుట్టుకొచ్చాయి. మరో జన్యువుతో 1976లో ఐఆర్ 36 వచ్చింది, కొన్నేళ్లకు దానికీ అదే గతి. మన దక్షిణాసియా దోమకు ఆ రెండు జన్యువులూ మొదటి నుంచీ అడ్డు కాలేదు. ఇక్కడ గట్టిగా నిలిచిన వాటిలో కేరళలోని పట్టాంబి రకం పీటీబీ 33 ఒకటి. ఇమిడాక్లోప్రిడ్ మందుది కూడా ఇదే దారి. 2003లో థాయ్‌లాండ్‌లో దానికి లొంగని దోమలు బయటపడ్డాయి, ఆ తర్వాతి కొన్నేళ్లలో ఆసియాలో చాలాచోట్ల అది పనికిరాకుండా పోయింది. ఒకే ఆయుధం అన్ని చేలల్లో ఒకేసారి వాడితే, దాన్ని తట్టుకునే కొద్దిపాటి దోమల సంతానమే మిగిలి నిండిపోతుంది. సాలీడుకు దోమ అలవాటుపడటం ఇంత తేలిక కాదు, ఎందుకంటే సాలీడు ఒక జన్యువు మీదో ఒక అణువు మీదో ఆధారపడి చంపదు.

గట్టు సంగతి

కోత అయ్యాక మడి ఖాళీ. సాలీళ్లు ఎక్కడికి పోతాయి? గట్ల మీది గడ్డిలోకి, మోళ్లలోకి, గడ్డివాముల కిందికి, కాలువ ఒడ్డుకు. సార్వా తర్వాత మినుము, పెసర చల్లిన చోట ఆ పైరులోకి. వచ్చే పంటకు మడిలోకి దిగేవి ఇక్కడ బతికి మిగిలినవే. కలుపుమందుతో గట్టును ఎర్రగా మాడ్చడం, కోత కాగానే మోళ్లు తగలబెట్టడం వచ్చే సార్వా కాపలాను ముందే తగ్గించడమే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని దాచడం సరికాదు. ఊరంతా ఒకేసారి నాటి ఒకేసారి కోస్తే, మధ్యలో వరి లేని రోజులు వచ్చి దోమ జీవితచక్రం తెగుతుంది. మొదటి నుంచీ వినిపించే సలహా ఇది, కాండం తొలుచు పురుగుకు, వైరస్ తెగుళ్లకు బాగా పనిచేస్తుంది. కానీ వేల ఎకరాలు నెలల తరబడి ఒట్టిగా ఎండితే వేటగాళ్లూ దూరమవుతాయి. పొడుగు రెక్కల దోమ గాలిలో వచ్చి వాలుతుంది, సాలీడు ఎక్కువగా దగ్గరి గట్ల మీంచే రావాలి. జావాలో అలాంటి పెద్ద ఒట్టి విస్తీర్ణాల్లో వేటగాళ్లు ఆలస్యంగా చేరడం గమనించారు. అందుకే ఒకేసారి నాటుతూనే గట్లను పచ్చగా ఉంచడం, మధ్యలో అపరాలు వేయడం మేలైన దారి అని చెప్పాలి.

గట్టు మీద పూలు కూడా ఊరికే కాదు. అనాగ్రస్ వంటి కందిరీగలు తేనె దొరికితే ఎక్కువ రోజులు బతికి ఎక్కువ గుడ్లను వెతుకుతాయి. చైనా, థాయ్‌లాండ్, వియత్నాం మూడు దేశాల్లో నాలుగేళ్లు గట్ల మీద నువ్వు వంటి తేనె పూల మొక్కలు వేసి చూశారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పురుగుమందుల వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది.

దుబ్బు తట్టి చూడటం

ఇదంతా చేనులో దిగి చూడకపోతే వట్టి మాటే. నాటిన 20వ రోజు నుంచి వారానికోసారి, పొద్దున్నే, మడికి మూల నుంచి మూలకు నడుస్తూ 20 దుబ్బులు చూడాలి. దుబ్బును ఒక చేత్తో వంచి రెండో చేత్తో మొదట్లో రెండు మూడుసార్లు తట్టాలి. నీళ్ల మీద పడినవాటిని లెక్కపెట్టాలి: దోమలెన్ని, మిరిడ్ నల్లులెన్ని, సాలీళ్లెన్ని, పడిన దోమల్ని నీటి నల్లులు పట్టుకుంటున్నాయా లేదా. దోమల్ని మాత్రమే లెక్కించి నిర్ణయానికి రావడం ఎక్కువమంది చేసే తప్పు.

మన రాష్ట్రాల్లో సాధారణంగా చెప్పే హద్దు పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు, ఈనిక దశలో 20 నుంచి 25. తమిళనాడు సిఫార్సు ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. సాలీడు లేకపోతే పిలకకు ఒక దోమ, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు. ఒక్క సాలీడు హద్దును రెట్టింపు చేసింది. హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పే పద్ధతిలో రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు అక్కర్లేదన్నది స్థూలమైన సూత్రం. సూత్రం మీద అనుమానం ఉంటే సీసా పరీక్ష చేయవచ్చు. కుండీలో ఒక పిలక నాటి, దాని మీద అడుగు తీసిన పారదర్శక సీసా బోర్లించి, పైన పలుచని గుడ్డ కట్టి, పది దోమల్నీ ఒక సాలీడునూ వదలాలి. పక్కన సాలీడు లేని సీసా ఇంకొకటి. రెండు రోజుల తర్వాత రెండిట్లోనూ మిగిలినవి లెక్కపెడితే చాలు.

నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలాలి. దుబ్బుల మొదళ్లకు ఎండ, గాలి తగులుతాయి, దిగి చూడటానికీ వీలవుతుంది. దోమ పెరుగుతున్నప్పుడు మడి ఆరబెట్టడం మంచి సలహాయే, తేమ తగ్గి పిల్లపురుగులు చస్తాయి. అయితే నీళ్లతోపాటు నీటి నల్లులూ పోతాయి. కాబట్టి హద్దుకు దగ్గరైనప్పుడే మూడు నాలుగు రోజులు తీసి మళ్లీ పలుచగా పెట్టడం మంచిది, మొదటి నెలలో ఆరబెట్టి ఈగల మేతను పోగొట్టుకోకూడదు. మందు తప్పనిసరైతే దోమ మీదే పనిచేసి సాలీళ్లను వదిలేదాన్ని ఎంచుకోవాలి. పిల్లపురుగులు ఎక్కువగా ఉన్నప్పుడు బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు, ఎకరాకు 200 లీటర్ల నీటితో. కుబుసం విడవనీయకుండా చంపే మందు కాబట్టి పెద్ద దోమలు వెంటనే చావవు, పనిచేయలేదని రెండో రోజే ఇంకోటి కలిపి కొట్టకూడదు. పిచికారీ గొట్టం దుబ్బు మొదళ్ల వైపు తిప్పి, పాయలు తీస్తూ కొట్టాలి. పైపైన కొట్టిన మందు మిరిడ్ నల్లికి తగులుతుంది, సుడిదోమకు తగలదు.

కోతకు వారం ముందు నీళ్లు తీసేశాక సాలీళ్లు గట్ల వైపు కదలడం మొదలవుతుంది. యంత్రంతో ఒక్కరోజులో కోసేసే చేలల్లో వాటికి ఆ వ్యవధి కూడా చాలదు. గట్టు పక్కన అక్కడక్కడా కొన్ని గడ్డి కట్టలు నిలబెట్టి వదిలితే అందులో చేరతాయి. దాళ్వాకు దమ్ము చేసే ముందు ఆ కట్టల్ని తీసి పక్క గట్టు మీదికి మార్చాలి, తగలబెట్టకూడదు.